చెవి దగ్గరికి వెళ్ళిన చేతులు

పోయిన వారం మనం ఆపిన చోట కళ్ళజోళ్ళ షాపులో ఫోను మోగుతోంది. పాపం, వారం రోజుల్నుంచీ మోగుతూనే ఉంది. ఇక ఎత్తక తప్పదు.

గంటలమ్మ మాత్రం ఎత్తే స్థితిలో లేదు. ఎదురుగా స్టూలు మీద ఒక పెద్దాయన పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టుకుని, ప్రపంచం తనకి ద్రోహం చేసినట్టు మొహం పెట్టి కూర్చున్నాడు. ఆమె అద్దం మార్చింది. "ఇది బాగుందా, ఇందాకటిదా?" అంటే, "రెండూ బాగానే ఉన్నాయమ్మా, నువ్వే బాగా కనపడటం లేదు" అన్నాడాయన. ఫ్రేము తీసి, తుడిచి, ఆయన చేతికి టీ గ్లాసు ఇచ్చి, అప్పుడు ఫోనెత్తింది.

"పోయిన నెల మా అమ్మకి రెండు చూపుల అద్దాలు ఎలా వాడాలో చెప్పింది మీరేనా?" అని ఒక ఆడగొంతు. "మెట్లు దిగేటప్పుడు గడ్డం కిందికి దించి దిగండి, మెట్టు దానంతటదే తేటపడుతుంది అన్నారట?"

"అన్నానండీ. పడ్డారా?" అంది గంటలమ్మ.

"పడలేదు. అదే విశేషం. మా అమ్మ నా మాట వినదు, డాక్టర్ల మాట వినదు. మీరు చెప్పింది మాత్రం ఇంటికొచ్చి పక్కింటివాళ్ళకి కూడా చెబుతోంది. నేను చెవి డాక్టర్ని. మాది చెవి మిషన్ల సెంటరు. సోమవారం సాయంత్రం మా దగ్గర మిషన్లు పెట్టించుకున్నవాళ్ళందరూ హాల్లో కలుస్తారు. వాళ్ళతో ఒక అరగంట మాట్లాడతారా? డబ్బిస్తాం."

"ఎవరికి?"

"మీకేనమ్మా. మాట్లాడేది మీరే కదా!"

గంటలమ్మ గోడకి తగిలించిన ఫ్రేముల వంక చూసింది. అన్ని కళ్ళజోళ్ళూ తననే చూస్తున్నట్టున్నాయి. ఆ సంతోషంలో ఆ పెద్దాయనకి రెండు అద్దాల్లో ఏది బాగుందో తనే తేల్చేసింది.

ఈ కథలోకి ఆలస్యంగా వచ్చి వెనక వరసలో కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. మన గంటలమ్మ అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. పెళ్ళై ఏడాది నిండకుండానే మొగుడు కూడా ఆ పేరు మర్చిపోయాడు. ఊళ్ళో ఉపన్యాసాలు నేర్చుకునేవాళ్ళకి ఒక సంఘం ఉంది. ఆదివారం సాయంత్రం డ్రైవింగ్ స్కూలు పైగదిలో, రోడ్డు గుర్తుల బొమ్మల కింద నిలబడి సభ్యులు వంతులవారీగా మాట్లాడతారు. మాట మధ్యలో ఎవరి నోట "అంటే" గానీ, "అదీ" గానీ, "ఆఁ" గానీ దొర్లితే ఒక మూల నుంచి 'టంగ్' మని గంట మోగుతుంది. కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు గంట కొట్టాలి, ఆ తర్వాత వేదిక ఎక్కాలి. మన అమ్మాయి చేరి ఏడాది దాటింది. ఆమె తర్వాత చేరినవాళ్ళు కూడా ఎక్కి, వణికి, దిగి, వెళ్ళిపోయారు. ఆమె మాత్రం గంట దగ్గరే ఉంది. "నీకింకా వినే వయసమ్మా" అంటారు అధ్యక్షులవారు.

అధ్యక్షులవారిని సభ్యులు చాటున 'ఉపోద్ఘాతం గారు' అంటారు. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయన ఉపన్యాసంలో ఉపోద్ఘాతం దాటి విన్న ప్రాణి ఈ భూమ్మీద లేదు. అసలు విషయం గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విడిచే లోపు హాలు తాళం వేసే వేళవుతుంది. వేదికెక్కినవాళ్ళలో గంట పడని మనిషి ఆయనొక్కరే. తప్పులు లేక కాదు. అధ్యక్షుడికి గంట కొట్టరాదని ఆయనే ఒక నియమం పెట్టారు.

ఏడాది పాటు జనం తడబాట్లు లెక్కపెట్టిన మనిషికి ఏమవుతుంది? లోకం లోకువైపోతుంది. మందుల షాపువాడు నోరు తెరిస్తే గంటలమ్మ వేళ్ళు వాటంతటవే కదులుతాయి. టీవీలో వార్తలు చదివే అమ్మాయిని చూసి ముక్కు విరుస్తుంది. లోకంలో సగం మందికి దేవుడు నోరిచ్చింది తినడానికే అని ఆమె నిశ్చితాభిప్రాయం. మిగతా సగానికి ఆవలించడానికి. ఒక్క మనిషికే మినహాయింపు. అతను మొదటిసారి తనతో మాట్లాడిన రోజున "అంటే"లు ఎన్ని దొర్లాయో లెక్క తప్పిపోయింది. జీవితంలో లెక్క తప్పడం అదే మొదలు. అందుకే పెళ్ళి చేసుకుంది.

ఆ మనిషి లిఫ్టులు బాగుచేస్తాడు. కాపురం ఉండేది మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో, పై అంతస్తులో. ఆ సాయంత్రం గంటలమ్మ మెట్లన్నీ పరుగున ఎక్కింది. అతను గ్రీజు చేతులు సబ్బుతో రుద్దుకుంటున్నాడు.

"ఏవండీ, నాకు డబ్బిస్తారట!"

"దేనికి?"

"మాట్లాడినందుకు!"

అతను కుళాయి కట్టేసి ఆలోచించాడు. "అంటే... సరిగ్గానే విన్నావా? ఆపినందుకేమో?"

తువ్వాలు వచ్చి అతని మొహానికి కొట్టుకుంది. తువ్వాల్లోంచే నవ్వాడు. "అంటే... నేనింతకాలం ఉచితంగా వింటున్నానన్నమాట! ఎంత అదృష్టవంతుణ్ణి!"

ఒక కప్పు టీ ఇద్దరూ పంచుకుని తాగారు. ఇంట్లో రెండో కప్పు లేక కాదు, రెండో కప్పు ఉన్నా వాళ్ళకి అలాగే బాగుంటుంది. తర్వాత ఆమె మంచమెక్కి నిలబడి మాట్లాడింది. అతను నేల మీద కూర్చుని, దిండు ఒళ్ళో పెట్టుకుని, వెయ్యి మంది జనంలా విన్నాడు. తడబాటు ఒక్కటి లేదు. గోదారి మీద పడవ జారినట్టు... కాదు, అంత నెమ్మదిగా కాదు. చేతిలోంచి గాజులు జారినట్టు గలగలా జారిపోయింది.

"ఎలా ఉంది?"

"అంటే... గంట పడలేదు" అన్నాడు అతను. ఆమెకి అంతకు మించిన పొగడ్త లోకంలో లేదు.

*

ఆదివారం చాక్లెట్ల పొట్లంతో వెళ్ళింది. పక్కన మొగుడు, ఇస్త్రీ చొక్కాలో. పైగదిలో కుర్చీలు వరసలు తీరి ఉన్నాయి. గోడ మీద 'హారను మోగించరాదు' అన్న బొమ్మ కింద ఉపోద్ఘాతం గారు ఆసీనులయ్యారు. ఆయన పక్కన 'తథాస్తు'. అతను సంఘం కార్యదర్శి. తనదంటూ ఒక అభిప్రాయం ఏనాడూ మోసి ఎరుగడు. చివర ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటకి తల ఊపుతాడు. ఆ గదిలో చివర మాట్లాడేది ఎప్పుడూ అధ్యక్షులే కాబట్టి ఇంతకాలం ఇబ్బంది రాలేదు.

"సార్, ఒక్క నిమిషం. శుభవార్త" అంది గంటలమ్మ.

"కానీ. క్లుప్తంగా" అన్నారు క్లుప్తత అనే మాట అర్థం పుట్టుకతోనే ఎరుగని ఉపోద్ఘాతం గారు.

చెప్పింది. వెనక వరసల్లో చప్పట్లు పడ్డాయి. తథాస్తు కూడా రెండు చేతులూ పైకెత్తాడు. సగంలో అధ్యక్షుల మొహం చూశాడు. ఎత్తిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక, చలేసినట్టు అరచేతులు రుద్దుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఉపోద్ఘాతం గారు చాక్లెట్టు తీసుకోలేదు.

"డబ్బు పుచ్చుకుంటున్నావా?"

"ఇస్తామన్నారు సార్."

"దారిన పోతుంటే చాలామంది చాలా ఇస్తామంటారు. పుచ్చుకుంటామా?"

"పుచ్చుకోం, పుచ్చుకోం" అన్నాడు తథాస్తు.

"ఇక్కడ మనం నేర్పేది వాక్కు. అది నాలుక చివర దీపం లాంటిది. దాన్ని తీసుకెళ్ళి సంతలో పెట్టి, గంటకింత, అరగంటకింత అని... ఛీ! నోటిని అద్దెకివ్వడానికీ గది అద్దెకివ్వడానికీ తేడా లేదటమ్మా?"

"మీరు కాలేజీలో పాఠం చెప్పి జీతం తీసుకోలేదా సార్?"

కుర్చీలు కిర్రుమన్నాయి. ఆ గదిలో ఆయనకి ఎదురు ప్రశ్న వేసిన మనిషి అంతవరకూ లేదు.

"అది విద్య."

"మరి ఇది?"

"ఇది నోటిదురద. దురదకి డబ్బిచ్చేవాళ్ళుంటారు, కాదనను. గోకించుకునేవాళ్ళ గతి వేరు." ఆయన తన మాటకి తనే మురిసిపోయి చుట్టూ చూశారు. తథాస్తు బాకీ లేకుండా నవ్వాడు. "మన నియమం ఏమిటయ్యా?"

"నోటి విద్యకి వెల కట్టినవారు ఈ సంఘ సభ్యులు కారు" అని అప్పజెప్పాడు తథాస్తు.

గంటలమ్మకి ఒళ్ళు మండింది. ఈ మనిషి డబ్బు ముట్టరు, నిజమే. కానీ సభకి పిలిస్తే గుమ్మం ముందుకి కారు రావాలి. వేదిక మీద తన కుర్చీ మిగతావాటికన్నా ఎత్తుండాలి. మర్నాడు పేపర్లో ఫోటో పడాలి, పక్కవాడి భుజం కూడా అందులోకి రాకూడదు. పైగా తాను నిస్వార్థపరుణ్ణని ఊరంతా తనే చెప్పుకోవాలి. ఉచితంగా ఇచ్చేదాన్ని ఎవరూ బాగోలేదని అనలేరు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు.

"అయినా నువ్వు మథనపడక్కర్లేదులే" అన్నారాయన జాలి ఒలకబోస్తూ. "ఆ ముడి నేనే విప్పేశాను. మొన్న మీ షాపుకి మన కార్యదర్శి కళ్ళజోడు మర బిగించుకోడానికి వచ్చినప్పుడు నువ్వే చెప్పావటగా ఈ సంగతి? పొద్దున ఆ సెంటరు ఓనరుకి ఫోన్ చేశాను. మాట్లాడటానికి నేనే వస్తాననీ, ఉచితంగా వస్తాననీ చెప్పాను. సంతోషించాడు."

తథాస్తు రోడ్డు గుర్తుల బొమ్మల్ని చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

గంటలమ్మ చేతిలో చాక్లెట్ల పొట్లం నలిగింది. ఏడాది పాటు మూల కూర్చుని, ఊరందరి నత్తి విని, చివరికి ఒక్క పిలుపు వస్తే, అదీ తన గొంతు విని, తననే కోరి పిలిస్తే, ఈ పెద్దమనిషి దాన్ని అరటితొక్కలా ఒలిచి అవతల పారేశారు!

"వాళ్ళు అడిగింది నన్ను సార్."

"నువ్వేం చెబుతావమ్మా వాళ్ళకి? నీకు తెలిసింది గంట. నేను పోయినేడాది ఆ హాల్లోనే రెండు గంటలు మాట్లాడాను. ముసలీ ముతకా, ఒక్కరు లేచి వెళ్ళలేదు. నేను మొదలుపెట్టిన కాసేపటికి ఒక్కొక్కరూ చెయ్యెత్తి, చెవి మిషను సర్దుకుని మరీ విన్నారు. వరసలు వరసలు! ఒక్క అక్షరం జారిపోకూడదని వాళ్ళ తాపత్రయం. ఆ దృశ్యం చూసి నా కళ్ళు చెమ్మగిల్లాయి."

"అయితే నేను ఆ డాక్టరుగారినే అడుగుతాను" అని ఫోను తీసింది.

"అడుగు. అందరూ వినేలా అడుగు. మన సంఘంలో దాపరికాలు లేవు." ఆయనే వంగి, చూపుడువేలితో స్పీకరు నొక్కారు. నలుగురి ముందూ ఆమె పరువు తియ్యాలన్న సరదా ఆ వేలి చివర కనిపించింది.

చెవి డాక్టరు మొదటి రింగుకే ఎత్తింది. "మీకే చేద్దామనుకుంటున్నానమ్మా. మా ఓనరు మాట మార్చాడు. ఎవరో ఉచితంగా వస్తామన్నారట. ఉచితం అనే మాటైతే మావాడికి వీధి చివర నుంచి కూడా వినపడుతుంది. నాకు మొహం చెల్లడం లేదు."

"పోయినేడాది వచ్చినాయనే కదండీ? ఆయన బాగా మాట్లాడతారటగా? అందరూ మిషను సర్దుకుని మరీ విన్నారట?"

"సర్దుకోవడమా?" అవతల నుంచి నవ్వు మొదలైంది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. "అయ్యో తల్లీ! అది సర్దుకోవడం కాదమ్మా, కట్టేసుకోవడం. చెవి వెనక చిన్న బొత్తాం ఉంటుంది, కాసేపు నొక్కి పట్టుకుంటే మిషను ఆగిపోతుంది. ముందు వరసలో ఒక పెద్దావిడ మొదలెట్టింది. పక్కాయన్ని మోచేత్తో పొడిచి చూపించింది. ఆయన వెనకాయనకి చెప్పాడు. అంతే, వరసలు వరసలు చేతులు లేచాయి. తర్వాత ఎంత హాయిగా కూర్చున్నారో! కొందరు కళ్ళు తెరుచుకునే నిద్రపోయారు. ఆ హాల్లో మిషను లేనిదాన్ని నేనొక్కదాన్నే. రెండు గంటలూ నేనొక్కదాన్నే విన్నాను."

లిఫ్టు మెకానిక్కి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. జేబురుమాలు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగాడు. వెనక వరసలో ఎవరిదో భుజం అదురుతోంది.

ఉపోద్ఘాతం గారి నోరు తెరుచుకుంది.

"అంటే... అదీ..."

టంగ్! టంగ్!

కావాలని కొట్టలేదని గంటలమ్మ తర్వాత ఎన్నోసార్లు ఒట్టేసింది. పక్కనే ఉన్న గంట మీదికి చెయ్యే వెళ్ళింది. ఏడాది అలవాటు. కానీ ఆ చప్పుడు ఆ గది పుట్టిన తర్వాత అంత తియ్యగా ఎన్నడూ మోగలేదు.

"ఆ గంటేమిటమ్మా?" అంది డాక్టరు.

"మా సంఘం గంటండీ. మీరు స్పీకర్లో ఉన్నారు. సార్ ఇక్కడే ఉన్నారు."

అవతల డాక్టరు గొంతు సవరించుకుంది. తర్వాత చాలా మర్యాదగా, "నమస్కారమండీ" అని వినిపించింది.

ఆయన లేచి నిలబడ్డారు. మొహం కందగడ్డ అయింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే తప్పు శంఖానిదా? వాళ్ళకేం తెలుస్తుంది! వినికిడి లేనివాళ్ళ మెప్పు నాకెందుకు?"

"వాళ్ళకి మీరు బాగానే వినపడ్డారండీ" అంది ఫోను. ఈసారి ఆ గొంతులో నవ్వు లేదు. "వినపడబట్టే కట్టేసుకున్నారు."

గంటలమ్మకి ఆ క్షణాన ఒళ్ళు తేలిపోయింది. గెలుపు అలవాటు లేనివాళ్ళకి అది నేరుగా తలకెక్కుతుంది.

"డాక్టరుగారూ, ఓనరుగారితో నా మాటగా చెప్పండి. రేపు ఇద్దరం మాట్లాడతాం. సార్‌కి పావుగంట, నాకు పావుగంట. ఎవరు మాట్లాడేటప్పుడు ఎన్ని చేతులు చెవి దగ్గరికి వెళ్ళాయో లెక్కపెడదాం. తక్కువ చేతులు లేచినవాళ్ళే గెలిచినట్టు. నేను గెలిస్తే నాకిస్తానన్న డబ్బు నాకివ్వాలి. ఇక్కడ ఈ సంఘంలో ఆ నియమం కొట్టేయాలి."

"ఓడితే?" అన్నారు ఉపోద్ఘాతం గారు పళ్ళ మధ్య నుంచి.

"ఓడితే డబ్బు కోసం ఇంకెప్పుడూ, ఎక్కడా మాట్లాడను. ఈ గది మెట్లు కూడా ఎక్కను."

మొగుడు వెనక నుంచి ఆమె కొంగు పట్టుకుని లాగాడు. ఆలస్యమైంది. నోరు జారాక కొంగు లాగి ఏం లాభం?

"గంట కొట్టే పిల్లతో నాకు పోటీయా!"

"వద్దంటే మానేయండి సార్. డబ్బు పుచ్చుకునేవాళ్ళంటే మీకు లోకువ కదా. లోకువైనవాళ్ళని చూసి భయం దేనికి?"

"అవును కదా, భయం దేనికి?" అన్నాడు తథాస్తు. చివర మాట్లాడింది ఆమె కాబట్టి అలవాటు చొప్పున తల కూడా ఊపాడు. తర్వాత తానేం చేశాడో తెలిసి, కుర్చీలో సగానికి కుంచించుకుపోయాడు.

ఉపోద్ఘాతం గారు అతని వంక చూసిన చూపుకి పచ్చగడ్డి భగ్గుమనేది. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. వెనక్కి తగ్గే దారి లేదు. "సరే. లెక్క ఇతనే పెడతాడు" అని తథాస్తుని చూపించారు. "ముందు నేను మాట్లాడతాను."

"ఉపోద్ఘాతం ఎప్పుడూ ముందే కదా" అని ఎవరో వెనక గొణిగారు. ఎవరన్నదీ ఇప్పటికీ తేలలేదు.

*

కిందికి దిగేసరికి డ్రైవింగ్ స్కూలు కార్లు వరసగా నిద్రపోతున్నాయి. గంటలమ్మ ఒక కారు బానెట్టుకి ఆనుకుని, మిగిలిన చాక్లెట్లు ఒకటి తన నోట్లోనూ, ఒకటి మొగుడి నోట్లోనూ వేస్తోంది. ఉపోద్ఘాతం గారు పెట్టిన మొహం తను పెట్టి చూపిస్తోంది. ఆ "అంటే... అదీ..." ని మళ్ళీ మళ్ళీ అభినయిస్తోంది. ప్రతిసారీ ఇద్దరూ పడిపడి నవ్వుతున్నారు.

"అంటే... అలా పందెం కాసేశావే. గెలుస్తావా?"

"ఆయన మీదా? ఆయన మీద ఎవరైనా గెలుస్తారండీ! ఆ గోడ మీది బొమ్మని నిలబెట్టినా గెలుస్తుంది. ఆయనకి చేతులు లేవకుండా ఉండాలంటే హాల్లో అందరి చేతులూ కట్టేయాలి."

"ఆయన సంగతి సరే. నీకు లేవవా?"

"నాకా!" అంది. ఆ ఒక్క మాటలో ఊరందరి నోళ్ళ మీదా ఆమెకున్న చిన్నచూపు అంతా ఉంది. "నా మాటలో తప్పెక్కడుంది? ఏడాదిలో ఒక్కసారి గంట పడిందా నాకు?"

"అంటే... కొట్టేది నువ్వే కదా" అన్నాడు అతను అమాయకంగా.

అంతలో ఆమె ఫోను మోగింది. చెవి డాక్టరు.

"ఓనరు ఒప్పుకున్నాడమ్మా. ఎగిరి గంతేశాడు. ఒక్క సాయంత్రానికి రెండు ఉపన్యాసాలు, మధ్యలో పందెం. వాడికి సినిమా చూసినంత సంబరం. కానీ మీరు ఆ మాట అనేముందు నన్నొకసారి విడిగా అడగాల్సింది."

"ఏమైందండీ?"

"వయసు మీద పడ్డ చెవిలో ముందుగా పోయేవి సన్నటి చప్పుళ్ళు. పిట్ట అరుపు, గిన్నె మీద మూత చప్పుడు, ఆడగొంతు. మా దగ్గరికి వచ్చే ముసలివాళ్ళలో చాలామందికి కొడుకు మాట వినపడుతుంది, కోడలి మాట వినపడదు. వేషాలేస్తున్నారని కోడళ్ళు అనుకుంటారు. వేషాలు కావు. ఆయన గొంతు పీపాలోంచి వచ్చినట్టుంటుంది. మిషను కట్టేసినా కాస్తో కూస్తో లోపలికి వెళుతుంది. మీది దారప్పోగు గొంతు. పైగా గబగబా మాట్లాడతారు. మైకులో ఆ వేగంతో వచ్చే గొంతుని మిషను ఇంకా పెద్దది చేస్తే, కొందరి చెవిలో రేకు మీద మేకుతో గీసినట్టుంటుంది."

గంటలమ్మ నోట్లో చాక్లెట్టు కదలడం ఆగిపోయింది. "మరి షాపులో మీ అమ్మగారు..."

"షాపులో మా అమ్మ మీకు ఎదురుగా కూర్చుని, మీ పెదాల్లోకి చూస్తూ వింది. హాల్లో మీరు చీమంత కనిపిస్తారు. ఒక్కరే మాట్లాడితే ఎలాగో సర్దుకునేదాన్ని, ముందే వాళ్ళకి చెప్పి ఉంచేదాన్ని. ఇప్పుడది పందెం. ఆయనప్పుడు విసుగొచ్చి చెయ్యెత్తుతారు. మీరప్పుడు నొప్పి పుట్టి ఎత్తుతారు. ఎందుకు ఎత్తారని మీ కార్యదర్శి అడగడు. చెయ్యి చెయ్యే. లెక్కలోకి వచ్చేస్తుంది."

వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. గంటలమ్మకి ఆ పిలుపు వినిపించింది. మొదటిసారిగా, అది సన్నటి గొంతా, లావు గొంతా అని ఆలోచించింది. ఏడాది పొడుగునా ఒక మూల కూర్చుని అందరి మాటా విన్నది. ఆ మూల కుర్చీలో తనే కూర్చుని, ఎదుట తనే నిలబడి మాట్లాడితే ఎలా ఉంటుందో ఆమెకి ఏనాడూ తోచలేదు. మొగుడొక్కడే విన్నాడు. అతనికి ఆమె పాలు పొంగిపోయాయని అరిచినా సంగీతమే.

ఇక్కడే ఇంకో మనిషైతే ఫోను పెట్టేసి ఏడ్చేది. పోనీ పైకి వెళ్ళి, పందెం వెనక్కి తీసుకుంటానని ఆయన కాళ్ళ మీద పడేది. పైన కిటికీలోంచి ఉపోద్ఘాతం గారి గొంతు అప్పుడే అభ్యాసం మొదలుపెట్టింది. లావుగా, గుండ్రంగా, తలుపులూ గోడలూ దాటుకుని కింద కార్ల మీదికి దిగుతోంది. అర్థం లేని మాటలు. ఒక్కటీ జారిపోకుండా వినిపిస్తున్నాయి!

"రేపు సెంటరు ఎన్నింటికి తెరుస్తారండీ?" అంది గంటలమ్మ.

"తొమ్మిదింటికి. ఎందుకు?"

"ఆ ముందు వరస పెద్దావిడ చెవికి నేనెలా వినపడతానో, అలాగే నాకు వినిపించగలరా?"

"వినిపించొచ్చు. మీ మాట రికార్డు చేసి, ఆవిడ చెవికి అందే చప్పుళ్ళే మిగిల్చి, మిగతావి తీసేసి వినిపిస్తాను. కానీ ముందే చెబుతున్నానమ్మా. ఆ గదిలోకి గలగలా మాట్లాడుతూ వెళ్ళినవాళ్ళు చాలామంది, బయటికొచ్చి ఆ రోజంతా నోరు విప్పలేదు. సాయంత్రం నాలుగింటికి మీరు వేదికెక్కాలి."

"షాపుకి సెలవు పెడతాను. తొమ్మిదింటికి మీ గుమ్మం ముందుంటాను" అంది గంటలమ్మ. మొగుడి చెయ్యి వెతికి పట్టుకుంది. "పొద్దున వింటాను. మాట్లాడేదీ లేనిదీ ఆ తర్వాత తేల్చుకుంటాను."